డ్రైవ్‌వే పగుళ్ళలో గంగవాయిలి

పోయిన మే నెలలో అమ్మ మా ఇంటికి వచ్చింది. డాలస్ శివార్లలో ఉంటాం. జెట్‌లాగ్ వల్ల తెల్లవారకముందే లేచి కూర్చునేది. ఒకరోజు ఆఫీసుకి బయల్దేరుతూ చూస్తే డ్రైవ్‌వే పక్కన కూర్చుని, కాంక్రీటు పగుళ్ళలోంచి ఏదో పీకి కొంగులో వేసుకుంటోంది.

"అమ్మా, అది పిచ్చిమొక్క. పారెయ్."

"పిచ్చి మొక్కకు లేదురా, నీకుంది. గంగవాయిలిని గుర్తువట్టలేవా?"

అంతకు వారం ముందే గరాజ్ అవతల అదే మొక్క మీద, డబ్బు పెట్టి కొన్న కలుపుమందు కొట్టి వచ్చాను. ఆ శనివారమే ఇండియన్ స్టోర్లో వాడిపోయిన గోంగూర కట్ట కోసం లైన్లో నిలబడ్డాను కూడా. ఆ పూట పెసరపప్పులో గంగవాయిలి వేసి అమ్మ వండిన కూర తింటూ ఈ రెండూ గుర్తొచ్చి సిగ్గేసింది.

కొందరు గంగపావిలి అంటారు, కొందరు గంగపాయల అంటారు. నేలకు పరుచుకుని పాకుతుంది. కాడ ఎర్రగా నున్నగా ఉంటుంది, ఆకు మందంగా, నొక్కితే నీరు ఊరేలా ఉంటుంది. దాని పక్కనే దాదాపు అలాగే పాకే ఇంకో మొక్క ఉంటుంది, జాగ్రత్త. కాడ తుంచితే తెల్లని పాలు కారాయంటే అది గంగవాయిలి కాదు, విషం. మందు కొట్టిన లాన్‌లోది అసలు ముట్టుకోకండి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు కూడా దూరంగా ఉండటం మేలు, పాలకూరలో లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఎక్కువ.

అమ్మ పొద్దున్నే కోయడానికి కారణం జెట్‌లాగ్ ఒక్కటే కాదు. "ఎండెక్కినంక కోస్తే పులుపు తగ్గుతది" అంది. చాదస్తం అనుకున్నాను. తర్వాత చదివితే నిజమే. నీళ్ళు కరువైనప్పుడు ఈ మొక్క పగలు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రిపూట గాలి పీల్చుకుని, దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. పొద్దెక్కేకొద్దీ ఆ ఆమ్లం ఖర్చయిపోతుంది. టెక్సాస్ ఎండకు లాన్ గడ్డి మాడిపోయినా ఇది పచ్చగా ఉండటం వెనక కిటుకు కూడా ఇదే.

మన ఊళ్ళ నుంచో యూరప్ నుంచో వచ్చి ఇక్కడ పడిందనుకుంటే అదీ పొరపాటే. కెనడాలో టొరాంటోకు దగ్గర్లో క్రాఫర్డ్ సరస్సు అని ఉంది. ఏడాదికో పొర చొప్పున దాని అడుగున బురద పేరుకుంది. ఆ పొరల్లో, కొలంబస్ రాకముందు నాటి వాటిలోనే, గంగవాయిలి గింజలు దొరికాయి. అంటే ఈ నేల మీద మనకంటే సీనియర్. మెక్సికన్ దుకాణాల్లో దీన్నే వెర్దోలాగాస్ అని కట్టలు కట్టి అమ్ముతారు. మనం మాత్రం హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉత్తరం వస్తుందేమోనన్న టెన్షన్‌తో పీకి చెత్తబుట్టలో వేస్తాం.

నా ఫిర్యాదు ఇక్కడి మన తెలుగు సంఘం మీదే. ప్రతి వసంతంలో నారు పంచుకుంటాం, మంచి పనే. కానీ అక్కడ "ఇండియా నుంచి తెచ్చిన విత్తనం" అంటేనే విలువ. సూట్‌కేసులో చీరల మధ్య దాచి తెచ్చానని గొప్పగా చెప్పుకునేవాళ్ళకు చుట్టూ జనం. ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకునే గోంగూర పుట్టిల్లు ఆఫ్రికా. దానికి పోపులో వేసే ఎండుమిర్చిదేమో ఇదిగో, ఈ అమెరికా ఖండమే. బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికోది. కొలంబస్ ఇటు వచ్చిన 1492కు ముందు మన నేల మీద అది పూయలేదు. నవంబరు మొదట్లో మెక్సికన్లు చనిపోయినవాళ్ళ కోసం పరిచేదీ ఈ బంతిపూలే. అవి అక్కడ సెంపసూచిల్.

కరివేపాకు సంగతి వేరు, అక్కడ నేను మొహమాటపడను. దాని మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లకు పచ్చతెగులు (సిట్రస్ గ్రీనింగ్) మోసుకొస్తుంది. ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లో బయటపడింది, తోటలకు తోటలే పోయాయి. 2012లో మన టెక్సాస్‌లో, రియో గ్రాండే లోయకూ వచ్చింది. సూట్‌కేసులో కరివేపాకు తేవడం చమత్కారం కాదు. ఇక్కడి లైసెన్సున్న నర్సరీలో కొనుక్కోండి.

బతుకమ్మకు ఏటా ప్లాస్టిక్ పూలు కొనే బదులు గునుగు వేసుకోవచ్చు. మన జొన్నచేలలో కలుపు అని పీకేసే గునుగూ, ఇక్కడ నర్సరీలో సెలోషియా అని రంగురంగుల కుండీల్లో అమ్మేదీ ఒకే జాతి. నైజీరియాలో దాని లేతాకు సోకో అనే కూర. తెలంగాణలోనూ కొన్నిచోట్ల వండుతారు. మా ఆవిడకు ఈ ముచ్చట చెబితే, "ముందు బతుకమ్మ పేర్చనివ్వండి, తర్వాత వండుకుందురు" అంది.

గునుగు విత్తిన మూడు నెలలకు పూస్తుంది కాబట్టి, బతుకమ్మకు అందాలంటే జూన్ ఆఖరుకల్లా గింజలు చల్లాలి. ఆవగింజకన్నా చిన్నవి, నల్లగా మెరుస్తాయి, మట్టి పైపైన చల్లితే చాలు. మా పెరట్లో నిరుడు పూసినవాటి గింజలు ఒక ఆవకాయ సీసా నిండా ఉన్నాయి. నారు పంపకం రోజున బల్ల మీద పెడతాను, పక్కనే అమ్మ పీకి ఇచ్చిన గంగవాయిలి కూడా ఒక కుండీలో.