గర్భసంచి తీసే ముందు ఆ పొరను చదవండి

పిండంలో గర్భసంచిని కట్టిన జన్యువులకు ఆ తర్వాత పని ఉండదనుకుంటాం. అది తప్పు. ఎలుకలో పాక్స్2 పనిచేయకపోతే మూత్రపిండాలూ, జననాళమూ ఏర్పడవు. హాక్స్ఏ10 లేకపోతే గర్భసంచి పైభాగం అండవాహికలా మారుతుంది. పెద్దయ్యాకా ఈ రెండూ లోపలి పొరలో పనిచేస్తూనే ఉంటాయి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ హార్మోను పెరిగే రోజుల్లో హాక్స్ఏ10 మరీ ఎక్కువవుతుంది. నెలనెలా రాలి మళ్లీ పుట్టే పొర కదా, తానెవరో కణానికి ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండాలి!

ఈ లోపలి పొరకు వచ్చే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో చెరిగిపోయేది ఆ గుర్తే. హాక్స్ఏ10 ప్రమోటర్‌కు, అంటే జన్యువును ఆన్ చేసే మీటకు, మిథైల్ గుంపులనే రసాయన ముద్రలు అంటుకుంటే జన్యువు మూగబోతుంది. దాంతో స్నెయిల్ అనే జన్యువుకు పగ్గం ఉండదు, కణాలను అతికించి ఉంచే ఇ-క్యాడెరిన్ ప్రొటీన్ పడిపోతుంది, కణాలు ఒకదాన్నొకటి వదిలేసి కండరంలోకి చొరబడతాయి.

కణితి జన్యువులను బట్టి ఈ క్యాన్సర్‌ను రకాలుగా విడదీసిన 2013 టీసీజీఏ విభజన, అది ఎంత దూరం పాకిందో చెప్పే అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య (ఫిగో) 2023 స్టేజింగ్ ఉండగా పిండం ముచ్చట్లెందుకని అడుగుతారు. కణితిలో జన్యు లోపాలను వెతికే పోల్, పీ53, మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్షల విలువ కాదనను. కానీ ఆ లెక్కలన్నీ క్యాన్సర్ అని తేలాక. నా గొడవ అంతకు ముందరిది.

గర్భసంచిని కట్టిన మరో జన్యువు పాక్స్2 కూడా ముందు మెట్టులోనే మాయమవుతుంది. దాని ప్రొటీన్ ఉందో లేదో చూపే రంగుపరీక్షకు, జన్యువులను చదివే సీక్వెన్సర్ యంత్రం అక్కర్లేదు. యాంటీబాడీతో ప్రొటీన్‌కు రంగు పట్టించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేసే ల్యాబు, పొర ముక్క నుంచి 4 మైక్రాన్ల కోత, పాక్స్2 యాంటీబాడీ ఉంటే చాలు. మామూలు గ్రంథి కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి. పాక్స్2 పోయిన గ్రంథుల్లో కేంద్రకాలకు మామూలుగా వేసే హెమటాక్సిలిన్ రంగు నీలమే మిగులుతుంది. పక్కపక్కనే గోధుమ గ్రంథులూ, నీలి గుంపూ ఉండి, ఆ గుంపు 1 మి.మీ. దాటి, గ్రంథులు వాటి మధ్య ఉండే కణజాలాన్ని (స్ట్రోమా) మించి కిక్కిరిసి, కణాల రూపమూ మారిందా? అది హార్మోను వాపు కాదు, క్యాన్సర్‌కు ముందు మెట్టు.

పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. మామూలు పొరలోనూ ఒకటీ అరా గ్రంథులు పాక్స్2 కోల్పోతాయి, వాటిని చూసి కంగారుపడకూడదు. స్ట్రోమాలో రంగు రాదు కాబట్టి అది కొలమానం కాదు. స్లైడులో ఒక్క గోధుమ గ్రంథీ లేకపోతే జన్యువు కంటే ముందు, ముక్కను పాడవకుండా నిలిపే ఫార్మలిన్‌ను అనుమానించాలి: ముక్క ఆరిపోయిందేమో, 10 శాతం బఫర్డ్ ద్రావణంలో సరిపడా గంటలు నానలేదేమో. సీరస్ అనే దూకుడు రకం క్యాన్సర్‌కు దీన్ని నమ్ముకోవద్దు, అక్కడ పీ53 చూడాల్సిందే.

ఇదంతా మనకెందుకంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. చెప్పే కారణాల్లో ముందుండేది అధిక రక్తస్రావం. 45 దాటాక అలా జరిగితే ముందు పొర ముక్క చూడాలన్నది పాత నియమమే. ఊబకాయం, పీసీఓఎస్ (అండం సరిగా విడుదల కాని హార్మోను సమస్య) ఉంటే ఇంకా ముందే చూడాలి. సన్నటి పైపెల్ గొట్టంతో ఓపీలోనే, మత్తు లేకుండా తీసే ముక్క అది. అదీ చూడకుండా కత్తి పట్టడాన్ని ఏ వైద్యశాస్త్రం ఒప్పుకుంటుంది?

తీసేశాక లోపల క్యాన్సర్ బయటపడితే లింఫ్ గ్రంథులు చూడలేదని రెండో ఆపరేషన్ మీద పడొచ్చు. ముందు మెట్టు దగ్గరే దొరికితే, పిల్లలు కావాలనుకునే స్త్రీకి గర్భసంచి లోపల హార్మోను వదిలే లెవోనార్జెస్ట్రెల్ ఐయూడీ వేసి, 3 నుంచి 6 నెలలకోసారి పొర ముక్క తీసి పరీక్షిస్తూ (బయాప్సీ) గర్భసంచిని కాపాడే వీలుంది.