ఫ్లోరోకార్బన్ కొనేముందు ఒక గ్లాసు ఉప్పునీళ్ళు కలపండి

ఈ మధ్య మన హైదరాబాద్‌లో చేపలు పట్టడానికి కొత్తగా రాడ్, రీల్ కొన్న ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, "అన్నా, ఏ ఫ్లోరోకార్బన్ ఎక్కించాలి?" అని. ఫ్లోరోకార్బన్ అంటే గాలానికి కట్టే ఒక రకం ప్లాస్టిక్ దారం, దాన్నే లైన్ అంటాం. అసలు ఎక్కించాలా వద్దా అని అడిగేవాడు లేడు. అమెరికాలో బాస్ అనే చేపను పట్టే వీడియో చూడటం, అందులో ఆయన 12 పౌండ్ల (ఆ బరువు దాకా తెగని) ఫ్లోరో అన్నాడు కాబట్టి రీల్ నిండా అదే చుట్టించుకోవడం, ఆదివారం పొద్దున్నే గుర్రపుడెక్క కమ్ముకున్న చెరువు గట్టు మీద నిలబడి కప్ప బొమ్మ విసరడం, ఆ తర్వాత "కొర్రమీను కొట్టింది కానీ గాలానికి ఎక్కలేదు" అని బాధపడటం. ఎక్కదు మరి, ఎట్లా ఎక్కుతుంది?

ఫ్లోరోకార్బన్ మీద నాకేం కోపం లేదు. మంచి లైనే. దాన్ని అమ్మే మాట మీదే నా కోపమంతా. "నీళ్ళలో కనపడదు భయ్యా" అంటారు. దీని వెనక ఉన్న సంగతి వక్రీభవన గుణకం, అంటే వెలుతురు ఒక పదార్థంలోకి వెళ్ళేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే అంకె. నీటిది 1.33, ఫ్లోరోది 1.42 దగ్గర, మామూలు లైన్ అయిన నైలాన్‌ది 1.53 పైన. అంటే నైలాన్ కంటే ఫ్లోరో నీటికి దగ్గరగా ఉంది, అందుకే కాస్త తక్కువ కనిపిస్తుంది. తక్కువ కనిపించడం వేరు, కనిపించకపోవడం వేరు. పైగా ఆ తేడాకి విలువ తేటనీళ్ళలో. మన ఊరి చెరువుల్లో జానెడు లోతులో పెట్టిన చెయ్యే కనపడదు, అక్కడ లైన్ కనపడకుండా ఉండటానికి అన్ని డబ్బులు ఎందుకు? ఇంకో సంగతి. లార్జ్‌మౌత్ బాస్‌లో ప్రపంచ రికార్డు చేప 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోల పైమాటే. జార్జియాలో జార్జ్ పెర్రీ దాన్ని పట్టింది 1932లో. ఫ్లోరో సంగతి అటుంచండి, అప్పటికి నైలానే పుట్టలేదు. దానికి సమానమైన చేపను 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టేదాకా ఆ రికార్డును ఎవరూ అందుకోలేదు.

మరి బాస్ వాళ్ళు దాన్ని ఎందుకు వాడతారు? బరువు కోసం, స్పర్శ కోసం, రాళ్ళ మీద ఒరుసుకున్నా తట్టుకుంటుందని. ఇది పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్. చేపల లైన్‌గా దీన్ని మొదట తెచ్చింది జపాన్‌కి చెందిన కురేహా కంపెనీ, 1971లో, సీగార్ పేరుతో. సాంద్రత 1.78 (నీటిది 1), అంటే నీళ్ళలో చకచకా మునుగుతుంది. నైలాన్ 1.14, అది నానుతూ మెల్లగా దిగుతుంది. జిగ్ (బరువు గుండు ఉన్న గాలం) లాంటి ఎరలు, టెక్సాస్ రిగ్‌లు (బరువు కట్టిన మెత్తటి ప్లాస్టిక్ ఎరలు) అడుగున నేల మీద పాకించాలి. లైన్ కాస్త వదులుగా ఉన్నప్పుడు కూడా చేప ముట్టింది చేతికి తెలియాలి. క్రాంక్‌బెయిట్ (లాగితే మునిగే గట్టి చేపబొమ్మ) అయితే ఇంకో అడుగు లోతుకు దిగాలి. అక్కడ ఫ్లోరో నిజంగానే పనికొస్తుంది. అది నీళ్ళు పీల్చుకోదు కాబట్టి పొద్దంతా నానినా బలం తగ్గదు, ఎండకు నైలాన్‌లా పాడవదు. మే నెలలో కారు డిక్కీలో రీల్ వదిలేసే మన అలవాటుకు ఇది చిన్న లాభమేం కాదు.

అదే ఫ్లోరో నీటి పైన ఆడే ఎరకు మాత్రం శత్రువు. లైన్ మునిగి కప్ప బొమ్మ ముక్కును కిందికి లాగుతుంది, ఆకుల్లో చిక్కుకుంటుంది, కొర్రమీను కొట్టిన క్షణంలో గట్టిగా లాగుదామంటే వంపు తిరిగి మునిగిన లైన్ ముందు సాపు కావాలి, అప్పటికి చేప ఉమ్మేసి వెళ్ళిపోయి ఉంటుంది. అమెరికాలో కూడా నీటి పైన ఆడే ఎరలకు బ్రెయిడో (సన్నటి పోగులు అల్లిన లైన్) నైలానో కడతారు, మనవాళ్ళు వీడియోలో ఆ ముక్క వచ్చేసరికి స్కిప్ కొడతారనుకుంటా. గుర్రపుడెక్కలో కొర్రమీనుకు 40, 50 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా కట్టండి, అంతే. (ఆ చెరువు మీద హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సంఘానిది, వాళ్ళని అడిగాకే గట్టు ఎక్కండి.)

మనకు ఫ్లోరో కావాల్సింది లీడర్‌గా. రెండు మూడు అడుగుల ముక్క, బ్రెయిడ్‌కి ఎరకి మధ్యన. మన చుట్టుపక్కల నీళ్ళ అడుగున ఉన్నదంతా గ్రానైటే. బ్రెయిడ్ లాగడానికి ఎంత గట్టిదైనా రాయి అంచుకు తగిలితే పుటుక్కున తెగుతుంది, ఫ్లోరో కాసేపు గీతలు పడుతూ ఓర్చుకుంటుంది. పండుగప్ప ఉన్న చెరువుకు వెళ్తే 30 పౌండ్లకు తగ్గొద్దు, దాని మొప్పల మూత అంచు బ్లేడే.

ఇప్పుడు అసలు కడుపుమంట. మొన్న ఒక దుకాణంలో "హండ్రెడ్ పర్సెంట్ ఫ్లోరో" అని ఇచ్చిన లైన్ చుట్టకి వెనకాల చిన్న అక్షరాల్లో "కోటెడ్" అని ఉంది. అంటే లోపల నైలాన్, పైన ఫ్లోరో పూత. అదేం చెడ్డ లైన్ కాదు, మెత్తగా ఉంటుంది, కానీ పూర్తి ఫ్లోరో ధరకు ఎందుకమ్మాలి? అడిగితే "అన్నీ అట్లనే వస్తయి సార్" అన్నాడు. చాలామంది మంచినీళ్ళలో వేసి మునిగితే అసలుదే అంటారు, అది తప్పు, నైలాన్ కూడా మునుగుతుంది కదా. 200 మిల్లీలీటర్ల నీళ్ళలో 70 గ్రాముల ఉప్పు బాగా కరిగించండి, ఆ నీళ్ళ సాంద్రత 1.2 దాకా పోతుంది. చిన్న ముక్క కత్తిరించి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, వేలితో లోపలికి నొక్కి వదలండి. నైలాన్ పైకొస్తుంది, పూతది కూడా పైకొస్తుంది, అసలు ఫ్లోరో అడుక్కి పోతుంది. కాల్చి చూడమని చెప్పే మేధావుల మాట మాత్రం వినకండి, ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ పొగ పీల్చేది కాదు.

ఫ్లోరో సాగదు అని ఇంకో అబద్ధం. సాగుతుంది, కాకపోతే సాగడానికి ఎక్కువ బలం కావాలి, ఒకసారి బాగా సాగాక మళ్ళీ సరిగా వెనక్కి రాదు. అందుకే రాయికి పట్టుకున్న గాలాన్ని బలంగా పీకి విడిపించాక చివరి కొన్ని అడుగులు కోసి పారేసి మళ్ళీ ముడి వెయ్యండి. ముడి వేసేటప్పుడు తప్పకుండా తడపాలి, మెల్లగా బిగించాలి. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికే ముడి దగ్గర బలహీనపడుతుంది, ఆ తర్వాత "లైన్ నాసిరకం" అని తిట్టుకోవడం. పలోమర్ ముడి నేర్చుకుంటే చాలావరకు గడుస్తుంది, బ్రెయిడ్‌కి కలపడానికి డబుల్ యూని చాలు. ఎఫ్‌జీ ముడి సన్నగా వస్తుంది, రాడ్ రింగుల్లోంచి సాఫీగా పోతుంది, కానీ గట్టు మీద గాలిలో వెయ్యాలంటే ఓపిక కావాలి.

రీల్ మొత్తం ఫ్లోరోయే కావాలి అనేవాళ్ళు అడుగున పాత నైలాన్ చుట్టి పైన 60, 70 మీటర్లు ఎక్కించుకోండి, సగం డబ్బు మిగులుతుంది. స్పిన్నింగ్ రీల్ (విసిరేటప్పుడు స్పూల్ తిరగని రకం) అయితే 8 పౌండ్లు దాటొద్దు, అది బిరుసు లైన్, ఉంగరాలు ఉంగరాలుగా ఊడి చిక్కుపడుతుంది. స్పూల్‌ని, అంటే లైన్ చుట్టుకునే చక్రాన్ని, అంచు దాకా నింపొద్దు. పౌండ్లు చూసి మోసపోవద్దు, డబ్బా మీద మిల్లీమీటర్లు చూడండి, మంచి 12 పౌండ్ల ఫ్లోరో 0.28 అటూఇటూ ఉంటుంది. 0.35 ఉండి 12 పౌండ్లు అంటే అక్కడే అనుమానపడాలి.

బేగంబజార్ వైపు ఎవరైనా లీడర్ లైన్ విడిగా మీటర్ల లెక్కన అమ్ముతుంటే చెప్పండి, ఒక ముక్క కోసం మొత్తం రీల్ కొనాల్సిన ఖర్మ తప్పుతుంది. ఉప్పు ప్యాకెట్ నేనే తెచ్చుకుంటా.