ఎమర్జెన్సీలో అందరికీ ఒకటే లైనా?

కెనడా ఆసుపత్రుల్లో మూలవాసుల పట్ల వివక్ష గురించి వార్త వచ్చినప్పుడల్లా, అక్కడి తెలుగువాళ్ల మధ్య కూడా ఒక వాదన చక్కర్లు కొడుతుంది. ‘ఎమర్జెన్సీలో ఎవరైనా గంటల తరబడి కూర్చోవాల్సిందే. జబ్బు తీవ్రతను బట్టి పిలుస్తారు గానీ జాతిని చూసి కాదు. వాళ్లు తాగి వస్తారు, వైద్యం ఉచితం, మళ్లీ ఫిర్యాదులు!’ ఇందులో ఒక్కో మాటా చూద్దాం.

అందరూ కూర్చుంటారన్నది నిజమే. 2008 సెప్టెంబరులో విన్నిపెగ్ హెల్త్ సైన్సెస్ సెంటర్‌కు వచ్చిన మూలవాసి బ్రయాన్ సింక్లెయిర్ కూడా కూర్చున్నాడు. వయసు 45, రెండు కాళ్లూ లేవు, చక్రాల కుర్చీ. మూత్రం గొట్టం మూసుకుపోతే క్లినిక్ డాక్టరు ఉత్తరం రాసిచ్చి పంపాడు. వాంతులయ్యాయి. ఆయన పరిస్థితి బాగోలేదని పక్కనున్నవాళ్లు సిబ్బందికి చెప్పారు. 34 గంటలు గడిచి, ఎవరో దగ్గరికెళ్లి చూసేసరికి శరీరం బిగుసుకుపోయి ఉంది. మూత్రాశయంలో ఇన్ఫెక్షన్. వైద్యం చేస్తే తగ్గేదే. అసలు ఆయన పేరు రోగుల జాబితాలోకే ఎక్కలేదు! తాగి నిద్రపోతున్నాడనో, ఇల్లులేక తలదాచుకోవడానికి వచ్చాడనో అనుకున్నామని విచారణలో సిబ్బంది చెప్పారు. జడ్జి 63 సిఫారసులైతే చేశారు గానీ, వ్యవస్థలోని జాతివివక్ష జోలికి విచారణ వెళ్లలేదు. అందుకే కుటుంబం మధ్యలోనే తప్పుకుంది.

ఇక తీవ్రత. దాన్ని కొలిచేది యంత్రం కాదు, ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ నర్సు. కొద్ది నిమిషాల్లో చూసి, అడిగి, ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె వేస్తారు. ఒకటంటే ప్రాణాపాయం. ఆల్బర్టాలో 2012–17 మధ్య కోటికి పైగా ఎమర్జెన్సీ రికార్డులను పరిశోధకులు పోల్చి, ఫలితాలను 2022లో కెనడియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ప్రచురించారు. వయసు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నా, ఫస్ట్ నేషన్స్ (కెనడా మూలవాసుల్లో ఒక పెద్ద వర్గం) రోగులకు అత్యవసరపు అంకె పడే అవకాశం తక్కువే. చివరికి తేలిన జబ్బు ఒకటే అయినప్పుడు కూడా, ఉదాహరణకు పొడవాటి ఎముక విరిగినప్పుడు, ఆ తేడా కనబడింది. విరిగిన ఎముకకు తాగుడుతో ఏం సంబంధం?

ఆ తాగుడు సంగతీ చూద్దాం. షుగరు పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది. కాబట్టి నిజంగా తాగి వచ్చినవాణ్ని సైతం పరీక్షించి తీరాలి. ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. బ్రిటిష్ కొలంబియాలో నర్సులూ డాక్టర్లూ మూలవాసుల రక్తంలో మద్యం ఎంతుందో ఊహిస్తూ పందెం ఆట ఆడారని 2020లో ఆరోపణ వచ్చింది. అలాంటి ఆట జరిగినట్టు విచారణలో రుజువు కాలేదు. కానీ మూలవాసి అనగానే తాగుబోతుగా ముద్ర వేయడం ఆసుపత్రుల్లో విస్తృతంగా ఉందని ఆ విచారణ నివేదికే తేల్చింది. దాని సర్వేలో పాల్గొన్న మూలవాసుల్లో 84 శాతం మంది ఏదో ఒక వివక్ష ఎదురైందన్నారు.

ఉచితం మాటకొస్తే, కెనడాలో ఆరోగ్య కార్డున్న మన తెలుగువాళ్లూ ఎమర్జెన్సీలో బిల్లు కట్టరు. నమోదైన ఫస్ట్ నేషన్స్‌కు, మరో మూలవాసి వర్గమైన ఇన్యుట్లకు మందులు, పళ్లు, కళ్లద్దాల వంటి వాటికి కేంద్రం అదనంగా భరిస్తుంది. మూడో వర్గమైన మేటీలకు అదీ లేదు. వీటిలో ఏదీ లైనులో ఎవర్నీ ముందుకు జరపదు.

పైగా ఈ ‘ఉచితం’ ఎత్తిపొడుపు రోగి మంచం దగ్గర కూడా వినబడింది. 2020 సెప్టెంబరు 28న క్యూబెక్‌లోని జోలియెట్ ఆసుపత్రిలో అతికమెక్ అనే మూలవాసి తెగ మహిళ జాయిస్ ఎషాక్వాన్ నొప్పితో అరుస్తూ ఫేస్‌బుక్ లైవ్ పెట్టింది. వయసు 37, ఏడుగురు పిల్లల తల్లి. సిబ్బంది ఆమెను తిట్టడం, ఇదంతా ఎవరి డబ్బనుకున్నావని అడగడం అందులో రికార్డయింది. కాసేపటికే చనిపోయింది. మత్తుమందుకు అలవాటుపడిందన్న ముద్ర వేశారు. నిజానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. జాతివివక్ష, దురభిప్రాయాలు ఆ మరణానికి దోహదం చేశాయని మరణ కారణాన్ని విచారించే అధికారి (కరోనర్) జెహాన్ కమెల్ 2021లో రాశారు. తెల్లజాతి స్త్రీ అయితే బతికేదా అని విలేకరులు అడిగితే, బతికేదనే అనుకుంటున్నానన్నారు.

‘ఎక్కడో ఒకరిద్దరు చెడ్డవాళ్లు’ అన్న వాదన ఒకటి మిగిలింది. జోలియెట్‌లో ఇద్దరిని ఉద్యోగంలోంచి తీసేశారు, నిజమే. కానీ విన్నిపెగ్‌లో షిఫ్టులు మారాయి, మనుషులు మారారు, 34 గంటలూ అదే జరిగింది. వివక్ష లేని వైద్యం కోరుతూ అతికమెక్ పెద్దలు తయారుచేసిన ‘జాయిస్ సూత్రం’లో ఈ లోపం వ్యవస్థదేనని ఉంది. ఆ కారణంగానే 2020 నవంబరులో క్యూబెక్‌లోని అప్పటి ప్రీమియర్ (ముఖ్యమంత్రి లాంటి పదవి) లెగో ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు.