అక్కడికక్కడే కాల్చేశారా?

నేవీ డేకి ఆర్కే బీచ్‌లో విన్యాసాలు చూసి ఇంటికొచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పాత ఫార్వర్డ్ ఒకటి మళ్లీ తిరుగుతోంది. "మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయిన పిరికివాళ్లను బ్రిటిష్ సైన్యం అక్కడికక్కడే కాల్చేసింది, అందుకే క్రమశిక్షణ నిలబడింది. 2006లో వాళ్లను నిర్దోషులని ప్రకటించి అసలు వీరులను అవమానించారు. మన దగ్గరా ఆ పద్ధతే రావాలి." ఇదీ సారాంశం. కింద ముప్పై దాకా చప్పట్లు.

'అక్కడికక్కడే' అన్నది తప్పు. కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానంలో విచారణ, జరిగేది. దాదాపు 3,000 మందికి మరణశిక్ష పడితే, పదింట తొమ్మిది శిక్షలను పైవాళ్లు తగ్గించేశారు. అసలు అన్యాయం ఇక్కడే ఉంది. ఎవరిని వదలాలో తేల్చేటప్పుడు నేరంతో పాటు, ఆ సిపాయి ఉన్న దళంలో క్రమశిక్షణ ఎలా ఉందో కూడా చూసేవారు. అంటే పక్కవాళ్ల తప్పుకి వీడి ప్రాణం పోవచ్చు. హ్యారీ ఫార్ అనే బ్రిటిష్ సిపాయి 1915లో, యుద్ధం ధాటికి మనసు దెబ్బతినే షెల్ షాక్‌తో అయిదు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. మరుసటి ఏడాది అతని విచారణ ఇరవై నిమిషాల్లో ముగిసింది. తరఫున మాట్లాడేవాడు లేడు. వైద్యం చేసిన డాక్టర్ గాయపడి సాక్ష్యానికి రాలేకపోయాడు. పిరికితనం కింద కాల్చేశారు, వయసు 25. ట్రాఫిక్ చలానా మీద మనం ఇంతకంటే ఎక్కువసేపు వాదిస్తాం.

ఇక క్రమశిక్షణ. ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా తన సైనికుల్లో ఒక్కరినీ కాల్చనివ్వలేదు. వాళ్లలో జైలుకెళ్లినవాళ్లు ఎక్కువే, అది ఒప్పుకోవాలి. కానీ 1918లో వాళ్లు పోరాడలేదని ఎవరూ అనరు. పారిపోవడానికీ, పిరికితనానికీ మరణశిక్షను బ్రిటన్ 1930లో తీసేసింది. 1942లో జనరల్స్ మళ్లీ కావాలన్నా ప్రభుత్వం ఇవ్వలేదు. రెండో యుద్ధం అది లేకుండానే గెలిచారు.

బ్రిటన్ 2006 చట్టం 306 మందికి క్షమాభిక్ష ఇచ్చింది, అంతే. తీర్పులు రద్దు కాలేదు, హత్య కేసులు అందులో లేవు.

మన ఆర్మీ చట్టంలోనూ శత్రువు ముందు పిరికితనానికి మరణశిక్ష ఉంది. కానీ జనరల్ కోర్టు మార్షల్‌లో మూడింట రెండొంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి. యుద్ధరంగంలో పెట్టే సమ్మరీ జనరల్ కోర్టు మార్షల్‌లో అయితే అందరూ ఒప్పుకోవాలి. ఆ పైన రాజ్యాంగం 72వ అధికరణం కింద రాష్ట్రపతి దగ్గరికి వెళ్లే దారి ఉంది. గ్రూపులో ఇదే రాశాను. చప్పట్లు మూడు వచ్చాయి, అందులో ఒకటి మా ఆవిడది.