కబడ్డీ రిఫరీకి జూమ్ క్లాసు చాలదు

"రిఫరీలను విజయవాడకో గుంటూరుకో పిలిపించి రెండు రోజులు శిక్షణ క్లినిక్ పెట్టడం దండగ, జూమ్‌లో రూల్స్ చెప్పి ఆన్‌లైన్ పరీక్ష పెడితే చాలు, ఖర్చు మిగులుతుంది" అనే మెసేజ్ కబడ్డీ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నేను ఏమాత్రం ఒప్పుకోను. ఎందుకో ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

"రూల్స్ అందరికీ ఒకటే, వీడియో చూస్తే వచ్చేస్తాయి" అంటున్నారు. బోనస్, అంటే రైడర్‌కు (కూతకెళ్లే ఆటగాడికి) వచ్చే అదనపు పాయింటు, తీసుకోండి. ఎదుటి కోర్టులో కనీసం ఆరుగురు ఉండాలి, రైడర్ కాలు బోనస్ లైన్ దాటి నేలను తాకాలి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. పరీక్షలో ఇది అందరూ కరెక్టుగానే రాస్తారు. మ్యాట్ పక్కన నిలబడ్డాక ఏ కాలు ముందు చూడాలి, కార్నర్ ప్లేయర్ అడ్డొస్తే ఎటు జరగాలి అన్నది మాత్రం వీడియోలో రాదు, ఎందుకంటే ఎక్కణ్ణుంచి చూడాలో కెమెరా పట్టుకున్నవాడే మన బదులు తేల్చేశాడు. లాబీ, అంటే కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీ, అయితే ఇంకా కష్టం. స్ట్రగుల్, అంటే రైడర్‌కీ ఎదుటి ఆటగాడికీ మధ్య టచ్, మొదలైతేనే లాబీ ఆటలోకి వస్తుంది కాబట్టి టచ్ ముందా, కాలు లాబీలో పడటం ముందా అని రెప్పపాటులో తేల్చాలి. చుట్టూ జనం అరుస్తుంటే రైడర్ కూత తెగిందో లేదో కూడా విని పట్టుకోవాలి. ఫోన్ స్పీకర్‌తో ఆ చెవి ఎలా తయారవుతుంది?

"ప్రో కబడ్డీ క్లిప్పులు చూపిస్తే సరి" అన్నది ఇంకో మాట. చూపించండి, మంచిదే. కానీ అక్కడ రివ్యూ ఉంది, అనుమానం వస్తే రీప్లే చూస్తారు. మన స్కూలు పోటీల్లో, సంక్రాంతి టోర్నమెంట్లలో రీప్లే ఎక్కడుంది? విజిల్ పడితే అయిపోయింది, ఓడిన పిల్లలు ఏడుస్తూ బస్సెక్కుతారు.

"డౌట్లు చాట్‌లో అడగొచ్చు" అట. అడుగుతున్నారా మరి? సీనియర్ల ముందు మైక్ ఆన్ చేయడానికే కొత్తవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, టెన్షన్. అదే అమ్మాయి క్లినిక్‌లో టీ తాగేటప్పుడు పక్కనున్న సీనియర్ రిఫరీ మేడమ్‌ని "కోచ్ మీదకొస్తే ఏం చేశారు మేడమ్?" అని అడుగుతుంది, ఆవిడ లేచి నిలబడి చేసి చూపిస్తుంది. రిఫరీ, ఇద్దరు అంపైర్లు ఒకరినొకరు చూసుకుని క్షణంలో ఒక మాట మీదకు రావడం కూడా పక్కపక్కన పనిచేస్తేనే అలవాటవుతుంది.

ఖర్చు మాట మాత్రం నేను తీసిపారేయను. మాచర్ల నుంచో రేపల్లె నుంచో వచ్చే పీఈటీకి బస్సు చార్జీ, సెలవు రెండూ భారమే. అయితే రూల్ మార్పులు, రాతపరీక్ష ఆన్‌లైన్‌లో ముందే ముగించి క్లినిక్‌ని ఒక్క రోజుకు కుదించండి, చార్జీలు అసోసియేషన్ ఇవ్వాలి. గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం దొరక్కపోతే ఏదో ఒక స్కూలు గ్రౌండ్ చాలు. ఎండ ముదరకముందే, తెల్లారి ఆరింటికే జూనియర్ జట్లను ఆడించి, వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ విజిల్ ఇవ్వండి.