సవరణ: ఏడ్చే పసిబిడ్డను ఎత్తుకోవడం గురించి

విశాఖపట్నం శిశు సంరక్షణ కేంద్రాల్లో పనిచేసే ఆయాల కోసం గత వారం రాసినదానిలో, "ఏడ్చిన ప్రతిసారీ ఎత్తుకుంటే చేతి అలవాటు అవుతుంది, కాసేపు ఆగి చూడండి" అన్నాను. ఏడాదిలోపు పిల్లల విషయంలో అది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అది చదివిన గాజువాక ఆయమ్మ ఒకరు నన్ను సూటిగా అడిగారు: "ఆకలో, ఉక్కపోతో, భయమో, ఏడవకుండా వాడు ఎలా చెబుతాడమ్మా?" నా దగ్గర జవాబు లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ 1972లో ప్రచురించిన పరిశీలన కూడా ఆమె వైపే ఉంది: తొలి నెలల్లో తల్లి వెంటనే పలికిన బిడ్డలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారు. అది తల్లుల గురించిన పరిశీలనే. అయినా పగలంతా బిడ్డను చూసుకునే చేతులకూ అది వర్తిస్తుందని నా నమ్మకం.

ముగ్గురు బిడ్డలు ఒకేసారి ఏడిస్తే ముగ్గురినీ ఎత్తుకోలేరు, నిజమే. అప్పుడు పేరు పెట్టి పిలవండి, "వస్తున్నాను కన్నా" అనండి. ఆ గొంతు వాళ్లకు తెలుసు. పాలు పట్టేటప్పుడు ఫోను పక్కన పెట్టి కళ్లలోకి చూడండి. వీలైనంతవరకు ఒక బిడ్డకు రోజూ ఒకే ఆయా ఉండాలి.

ఇంకొక సవరణ. ప్రసూతి సెలవు 12 వారాలని రాశాను. 2017 సవరణ చట్టం వచ్చినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు అది 26 వారాలు. అంటే చాలామంది బిడ్డలు ఆరు నెలలకు మన దగ్గరికి వస్తారు. కొత్త ముఖాలంటే బెదురు మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతి నెలల్లోనే. అందుకే తల్లిని దొంగచాటుగా పంపకండి, బిడ్డకు చెప్పి వెళ్లనివ్వండి.