ఎల్విస్ ఇంటి కరెంటు మీటరు

ఆగస్టులో మెంఫిస్‌కి చుట్టాలు రాకూడదు. అమెరికన్ రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1977 ఆగస్టు 16న ఈ ఊళ్లోనే పోయాడు కాబట్టి ఏటా ఆ వారం ఊరంతా ఎల్విస్‌లే. దవడల దాకా దిగిన కృతాలు, తెల్లటి బెల్‌బాటమ్ సూట్లు, నల్ల కళ్లద్దాలు. అలాంటి సమయంలో మా మామగారు దిగారు.

ఆయన కరెంటాఫీసులో ఏఈగా చేసి రిటైరయ్యారు. ఎల్విస్ పాట ఒక్కటీ వినలేదు గానీ, ఎల్విస్ చావలేదనే వీడియోలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. ఎల్విస్ ఉన్న ఇల్లు గ్రేస్‌ల్యాండ్‌కి తీసుకెళ్లక తప్పలేదు.

ఇల్లంతా చూపిస్తారు, మేడ మాత్రం చూపించరు. మామగారికి అక్కడే పట్టుకుంది.

"పైకి ఎందుకు పంపరు అల్లుడుగారూ?"

"ఆయన పోయింది పైనేనండీ. అందుకే మూసేశారు."

"ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" మంచి శకునం కాదని మా అత్తగారి మొహం చూస్తే తెలిసింది.

తోటలో సమాధి దగ్గర ఇంకో ఆధారం దొరికింది. ఎల్విస్ మధ్య పేరు ఆరన్. పుట్టినప్పటి కాగితాల్లో దానికి ఇంగ్లీషులో ఒక్కటే 'ఏ', రాతి మీద రెండు. బతికున్నవాడి పేరు సమాధి మీద చెక్కడం అరిష్టమని కావాలనే తప్పు రాయించారట. బైబిల్లో ఉన్నట్టు మార్చుకోవాలని ఎల్విసే అనుకునేవాడని నేను చెబితే వినిపించుకోలేదు.

"మొదట ఫారెస్ట్ హిల్ శ్మశానంలో పెడితే దొంగలు శవాన్ని ఎత్తుకెళ్లబోయారండీ. అందుకే ఇక్కడికి తెచ్చారు. శవమే లేకపోతే దొంగలెందుకొస్తారు?"

"లేదని వాళ్లకేం తెలుసు?"

శవపేటికలో పెట్టింది మైనపు బొమ్మ అని, కరక్కుండా లోపల ఏసీ బిగించారని కూడా ఒక కథ ఉంది. దీన్ని మాత్రం మామగారు ఒప్పుకోలేదు. "సర్వీసు వైరు లేకుండా ఏసీ ఎలా నడుస్తుందండీ? ఏదైనా చెబితే అర్థముండాలి" అని కోప్పడ్డారు.

తిరిగి వెళ్లే బస్సు ఎక్కాం. చూస్తే మామగారు లేరు. ఆయన ఫోన్‌కి ఇక్కడి సిమ్ లేదు. ఆ తెల్ల సూట్లలో వెతుక్కుంటూ తిరిగాను. చివరికి ఇంటి వెనకవైపు నుంచి ఒక సెక్యూరిటీ గార్డు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈయన గోడ వెంట వంగి వంగి కరెంటు మీటరు వెతుకుతున్నారట. మేడ మీద మనిషి ఉన్నాడో లేడో రీడింగ్ చూస్తే తేలిపోతుందని ఆ గార్డుకి కూడా ఇంగ్లీషులో వివరించారు. తిట్టకుండా విన్నాడు పాపం. ఆ వారం అతను ఇంకేమేం విన్నాడో!

"కంగారు పడకండి సర్, పైనున్నాయన బిల్లు టైముకి కట్టేస్తున్నాడు" అని కన్నుకొట్టి వెళ్లిపోయాడు.

మామగారు కన్నుకొట్టడం చూడలేదు. "విన్నారుగా! స్టాఫే ఒప్పుకున్నారు!"

అత్తగారికి ఓపిక అయిపోయింది. "1935లో పుట్టిన మనిషండీ, తొంభై దాటాయి. మీకు డెబ్బైకే బొటనవేలు అరిగిపోయి, మొన్న నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్‌కి మెషీన్లో ముద్ర పడలేదు. రెండు నెలలు పెన్షన్ ఆపేశారు. ఆయన బతికున్నానని ఎవరికి నిరూపిస్తాడు?"

మామగారు కాసేపు ఆలోచించారు.

"అదేనే నేను చెప్పేది. ముద్ర పడక ఉండిపోయాడు."